మారిషస్ వెళ్తున్నాం, బీచ్‌లు కాకుండా అక్కడి పక్షులు, అడవి పిల్లాడికి చూపించాలంటే ఎలా?

రాజమండ్రి_శ్రావణి

అందరికీ నమస్తే అండి. మా తమ్ముడు వాళ్ళు ఉద్యోగం మీద మారిషస్‌లో ఉంటున్నారు, డిసెంబర్‌లో మేము, మా అబ్బాయి (8వ క్లాస్) వెళ్తున్నాం. వాడికి చిన్నప్పట్నుంచి డోడో (మారిషస్‌లో మాత్రమే ఉండి అంతరించిపోయిన, ఎగరలేని పెద్ద పక్షి) అంటే ప్రాణం, ఎక్కడ బొమ్మ కనపడినా ఆగిపోతాడు, ఈసారి వెళ్ళేది ఆ దేశానికే కాబట్టి ఇప్పట్నుంచే నిద్రపోవట్లేదు. నేను నెట్‌లో చూస్తే అన్నీ హోటల్ ప్యాకేజీలు, పారాసెయిలింగ్, రంగురంగుల మట్టి చూడండి అంటున్నారు తప్ప అడవి గురించి, అక్కడ మాత్రమే ఉండే జీవాల గురించి తెలుగులో ఎవరూ రాయలేదు.

నేను అడిగేది ఏంటంటే, డోడో ఎలాగూ లేదు, మరి ఇప్పుడు మిగిలినవి ఏంటి, వాటిని కాపాడుతున్నారా, అది మేము కళ్ళతో చూడొచ్చా? ఇంకోటి, డోడో పోయాక ఒక చెట్టు కూడా మొలకెత్తడం మానేసింది అని వాడి సైన్స్ టీచర్ చెప్పారంట, అది నిజమేనా? మా మరదలు కరివేపాకు మొక్క, ములక్కాడ విత్తనాలు తెమ్మంటోంది, తీసుకెళ్ళొచ్చా అదీ చెప్పండి ప్లీజ్.

వకోవా_కిరణ్

శ్రావణి గారు, నేను ఇక్కడే ఉంటున్నా కొన్నేళ్ళుగా. ముందు చివరి ప్రశ్నకి: మొక్కలు, విత్తనాలు, పళ్ళు పర్మిట్ లేకుండా తేవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో తీసేసుకుంటారు, ఫైన్ కూడా పడొచ్చు. అసలు తేవాల్సిన అవసరమే లేదు, కరివేపాకు ఇక్కడ ప్రతి పెరట్లో ఉంటది, ములగాకు కూర అయితే ఇక్కడ అన్ని ఇళ్ళల్లోనూ వండుతారు, మనవాళ్ళే కాదు క్రియోల్ వాళ్ళు (ఆఫ్రికా మూలాలున్న ఇక్కడి జనం) కూడా. మార్కెట్‌లో కట్టలు కట్టి అమ్ముతారు.

మీరు ల్యాండ్ అయ్యే ఎయిర్‌పోర్ట్ పక్కనే మేర్ ఓ సోంజ్ అనే చిత్తడి నేల ఉంది. మీ వాడికి ఇది తప్పకుండా చెప్పండి. 1865లో జార్జ్ క్లార్క్ అనే స్కూల్ టీచర్ అక్కడే డోడో ఎముకలు కనిపెట్టాడు, ఎలాగంటే కూలీల్ని మడుగు మధ్యలోకి దింపాడు, మూడడుగుల నీళ్ళు, వాళ్ళు బురదలో ఉత్త కాళ్ళతో తడుముకుంటూ వెతికితే ఎముకలు కాలికి తగిలాయి. ఇవాళ ప్రపంచంలో మ్యూజియాల్లో ఉన్న డోడో ఎముకల్లో చాలావరకు ఆ మడుగువే. పోర్ట్ లూయిస్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో డోడో అస్థిపంజరం ఉంది, వెళ్ళేముందు తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఒక్క రోజే టైమ్ ఉందంటే నేను చెప్పేది ఒక్కటే, ఇల్ ఓ జైగ్రెట్. మాయెబూర్ ఊరి దగ్గర పాయింట్ జెరోమ్ అని ఉంది, అక్కడ పడవ ఎక్కితే కాసేపట్లో దించేస్తారు. చిన్న దీవి, 26 హెక్టార్లు, అంటే మన లెక్కలో సుమారు 64 ఎకరాలు. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్ళు చూసుకుంటారు, వాళ్ళ గైడ్ లేకుండా లోపలికి పంపరు, ముందే బుక్ చేసుకోవాలి. అదంతా పగడపు రాయి, దాని మీద నల్ల చేవ చెట్ల అడవి, ఎబొని అంటారు కదా అది. ఒకప్పుడు తీరం పొడుగునా ఉండేదంట ఆ అడవి, ఇప్పుడు చెప్పుకోదగ్గట్టు మిగిలింది అక్కడే. అడవి అనగానే ఆకాశమంత చెట్లు ఊహించుకోకండి, పొట్టిగా, సన్నగా ఉంటాయి, అసలు చాలా నెమ్మదిగా పెరిగే రకం. ఒక్కో చెట్టు వయసు గైడ్ చెప్తుంటే ఆ సన్నటి కాండం చూసి మీరు నమ్మరు.

అక్కడ పెద్ద తాబేళ్ళు తిరుగుతుంటాయి, పిల్లలకి అవే పండగ. కానీ అవి ఈ ఊరివి కావు. మారిషస్ సొంత తాబేళ్ళు రెండు రకాలు ఉండేవి, ఓడల వాళ్ళు తినీ తినీ ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ తాబేళ్ళు తిని విత్తనాలు దూరంగా పడేస్తేనే ఆ నల్ల చేవ చెట్లు వేరేచోట మొలిచేవి, అవి పోయాక పండు రాలి తల్లిచెట్టు కిందే కుళ్ళిపోయేది. అందుకని 2000లో అల్డాబ్రా అనే సీషెల్స్ దీవి తాబేళ్ళని తెచ్చి వదిలారు. అవి ఆ పళ్ళు తిన్నాయి, పేడలోంచి మొలకలు వచ్చాయి, పైగా కడుపులోంచి వచ్చిన గింజలు మామూలు వాటికంటే బాగా మొలుస్తున్నాయని రీసెర్చ్ చేసి 2011లో పేపర్ కూడా వేశారు. తాబేలు పేడ పక్కన వేలెడు మొలక ఉంటే గైడ్ చూపిస్తాడు, మీ అబ్బాయిని ఒంగి చూడమనండి.

జువాలజీ_మాధవి

కిరణ్ గారు బాగా చెప్పారు. శ్రావణి గారు, చెట్టు సంగతి నేను చెప్తా, ఎందుకంటే నేను చదువుకునే రోజుల్లో కూడా ఇదే కథ క్లాసులో చెప్పేవాళ్ళు. ఆ చెట్టు పేరు తంబలకోక్, డోడో చెట్టు అని కూడా అంటారు. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఈ చెట్లు కొన్నే మిగిలాయి, అన్నీ మూడొందల ఏళ్ళ పైబడినవే, కాబట్టి డోడో కడుపులో నలిగితే తప్ప గింజ మొలవదు అని రాశాడు. టర్కీ కోళ్ళకి గింజలు మింగించి ప్రయోగం కూడా చేశాడు. కథ చాలా అందంగా ఉంది కాబట్టి ప్రపంచమంతా పాకిపోయింది. కానీ తర్వాత చూస్తే వయసు తక్కువ చెట్లు కూడా ఉన్నాయి, డోడో లేకుండానే గింజలు మొలుస్తున్నాయి. చెట్లు తగ్గడానికి వేరే కారణాలు ఉన్నాయి, అడవి నరికేయడం, కోతులు పిందెల్ని తెంపి పడేయడం, బయటి మొక్కలు కమ్మేయడం. అంటే ఒక పక్షి పోతే ఒక చెట్టు పోతుంది అన్న లెక్క అంత తిన్నగా ఉండదు. వాళ్ళ టీచర్‌కి కూడా చెప్పమనండి, మర్యాదగానే.

ఇంక మిగిలినవి ఏంటి అన్నారు కదా. దానికి ముందు మీ వాడికి ఒక పని పెట్టండి. మారిషస్‌లో దిగగానే మొదటి గంటలో కనపడిన జీవాలన్నీ నోట్‌బుక్‌లో రాయమనండి. గోరింక, పిగిలిపిట్ట, రామచిలుక, కాకి, తొండ, ముంగిస, ఇవే ఉంటాయి. మన రాజమండ్రి లిస్టే కదా అంటాడు. అదే అసలు పాఠం. వాటిలో ఒక్కటి కూడా మారిషస్‌ది కాదు. గోరింకల్ని 1762 ప్రాంతంలో ఫ్రెంచి వాళ్ళు మిడతల్ని తినడానికి ఇండియా నుంచి తెప్పించారు. ముంగిసల్ని 1900 ప్రాంతంలో ప్లేగు వచ్చినప్పుడు ఎలుకల కోసం తెచ్చారు, అవి ఎలుకలతో ఆగుతాయా, నేల మీద గూడు పెట్టే పిట్టల్ని, గుడ్లని పట్టాయి. పిగిలిపిట్ట బయటి మొక్కల పళ్ళు తిని ఆ గింజల్ని అడవి లోపలిదాకా మోస్తది.

రామచిలుక సంగతి ఇంకా బాధ. మారిషస్‌కి సొంత చిలుక ఒకటి ఉంది, ఎకో పారాకీట్, దూరం నుంచి చూస్తే మన రామచిలుకే అనుకుంటారు, కాస్త బొద్దుగా, ముదురు ఆకుపచ్చగా ఉంటది. రెండిటికీ చెట్టు తొర్రలే కావాలి, పాత పెద్ద చెట్లు ఎలాగూ తక్కువ, ఉన్న తొర్రలు రామచిలుకలు ఆక్రమిస్తాయి. పైగా ముక్కు, ఈకలు పాడైపోయే వైరస్ ఒకటి చిలుకల్లో ఉంది, అది రామచిలుకల్లోనూ ఉంది, దాన్నుంచి ఎకో చిలుకలకీ తగిలింది. 1980ల్లో ఈ ఎకో చిలుకలు పది పన్నెండు మించి లేవు. ఇప్పుడు 700 దాటాయి. చెక్క గూళ్ళు కట్టి, పిల్లలు ఆకలికి చచ్చిపోతాయనుకున్న గూళ్ళలోంచి తీసి చేత్తో పెంచి, మళ్ళీ వదిలి, అలా తెచ్చారు ఇక్కడిదాకా.

సూటిగా_చెప్తా

అందరూ బాగానే చెప్తున్నారు గానీ నాకొక డౌట్ అండి, నిజంగానే అడుగుతున్నా. పది పక్షులు మిగిలాక వాటి మీద ఇన్నేళ్ళు, ఇంత డబ్బు ఖర్చు పెట్టడం కరెక్టేనా? ఆ డబ్బుతో ఇంకా బాగా ఉన్న అడవిని కాపాడొచ్చు కదా, పోయేవి ఎలాగూ పోతాయి. మన దగ్గర బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) విషయంలో కూడా ఇదే అనిపిస్తుంది నాకు, పాత కర్నూలు జిల్లా రోళ్ళపాడులో ఒకప్పుడు బాగా కనపడేవంట, ఇప్పుడు కనపడట్లేదు అంటున్నారు.

జువాలజీ_మాధవి

మీరడిగిన ప్రశ్ననే 1979లో వేసుకున్నారు సర్, అదీ డబ్బులిచ్చే వాళ్ళే. మారిషస్ కెస్ట్రెల్ అని చిన్న డేగ ఉంది, గోధుమ రంగు వీపు, నల్ల చుక్కలు, పావురం కంటే చిన్నది. 1974లో అడవిలో లెక్కేస్తే నాలుగే నాలుగు. అందులో గుడ్లు పెట్టేది ఒక్కటే. దోమల కోసం కొట్టిన డీడీటీ, అడవి నరకడం, కోతులు, ఎలుకలు అన్నీ కలిసి అక్కడికి తెచ్చాయి. ప్రపంచంలో అంత అరుదైన పక్షి లేదు అప్పటికి. 1979లో కార్ల్ జోన్స్ అనే కుర్రాడు వేల్స్ నుంచి వచ్చాడు, ఆయన్ని పంపింది ప్రాజెక్ట్ మూసేసి రమ్మనే. ఆయన మూయలేదు, ఉండిపోయాడు, దశాబ్దాల పాటు అక్కడే.

ఆయన చేసిన పని చూడండి. ఈ డేగ మొదటి ఈత గుడ్లు పోతే ఇంకోసారి పెడుతుంది. కాబట్టి కొండ చరియ ఎక్కి మొదటి గుడ్లు తీసుకొచ్చి ఇంక్యుబేటర్‌లో పొదిగించాడు, తల్లి మళ్ళీ గుడ్లు పెట్టి తన పిల్లల్ని తను పెంచుకుంది. ఒక సీజన్‌లో రెండు ఈతలు చేతికొచ్చినట్టు. గుడ్లు పెట్టే తల్లి బలంగా ఉండాలని ఎలుక పిల్లల్ని మేత ఇచ్చేవాళ్ళు, ఆ డేగలు మనిషి పిలిస్తే వచ్చి గాల్లోనే అందుకుని పోవడం నేర్చుకున్నాయి. ముంగిసల్ని బోన్లు పెట్టి పట్టారు, చెక్కపెట్టె గూళ్ళు బిగించారు. 1990ల మధ్యకి 300 పైగా పిల్లల్ని అడవిలో వదిలారు. 2016లో ఆయనకి ఇండియానాపొలిస్ ప్రైజ్ (జంతువుల్ని కాపాడేవాళ్ళకి ఇచ్చే పెద్ద అవార్డు) వచ్చింది.

కానీ మీ ప్రశ్న తీసిపారేసేది కాదు. డేగలు పెరిగాయి కదా అని పని తగ్గించాక మళ్ళీ తగ్గాయి, 2014లో తిరిగి ఎండేంజర్డ్ (అంతరించే ప్రమాదం ఉన్నవి) లిస్ట్‌లోకి పోయాయి. గులాబీ పావురం, పింక్ పిజియన్, 1990లో పదికి దగ్గర్లో ఉండేది, ఇప్పుడు నాలుగైదు వందలు. కానీ వాటికి ఇవాళ్టికీ మేత కేంద్రాల్లో గోధుమలు, మొక్కజొన్న పెడుతున్నారు, పిల్లుల్ని, ఎలుకల్ని పడుతున్నారు, పైగా అన్నీ కొద్ది పక్షుల సంతానమే కాబట్టి రక్తసంబంధం ఎక్కువై గుడ్లు పొదగకపోవడం, పిల్లలు బతక్కపోవడం ఉంది. విదేశీ జూల్లో ఉన్న పావురాల రక్తం కలపాలని శాస్త్రవేత్తలు గట్టిగా చెప్తున్నారు. అంటే ఇది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు, దానికి డేట్ లేదు. అయినా చెయ్యాలనే నేనంటాను. పక్షి కోసమని మొదలెట్టి ఎలుకల్ని తీశారు, కలుపు తీశారు, అడవి చుట్టూ కంచె వేశారు, దాంతో అందులో ఉన్న చెట్టు, బల్లి, నత్త అన్నీ బతికాయి. ఒట్టి అడవి కోసం డబ్బడిగితే ఎవరిచ్చారు అప్పట్లో? బట్టమేక పిట్టకి కూడా అంతే, అది పోతే ఆ గడ్డి భూమిని బీడు అని రాసేస్తారు, సోలార్ ప్లాంట్ వచ్చేస్తది.

వకోవా_కిరణ్

కలుపు అన్నారు కాబట్టి, అది చూడకుండా పోవద్దు శ్రావణి గారు. బ్లాక్ రివర్ గోర్జెస్ నేషనల్ పార్క్ ఉంది, 1994లో పెట్టారు, సుమారు 65 చదరపు కిలోమీటర్లు. పైన రోడ్డు మీంచి చూస్తే లోయంతా పచ్చగా ఉంటది, ఆహా ఎంత అడవో అనుకుంటాం. దిగి లోపల నడిస్తే తెలుస్తుంది, ఆ పచ్చదనంలో చాలా భాగం చైనా జామ. ఎర్రగా ఉసిరికాయంత కాయలు, బ్రెజిల్ నుంచి వచ్చింది. సీజన్‌లో జనం ఫ్యామిలీలతో వచ్చి బకెట్లు పట్టుకుని కోసుకుంటారు, ఉప్పూ కారం అద్దుకుని తింటే చాలా బాగుంటాయి, ఇక్కడ జనానికి అదొక సరదా. కానీ అడవికి అది ఉరి. కాండాలు వేలి లావున, ఒకదాన్ని ఒకటి ఆనుకుని, మనిషి దూరే సందు కూడా ఉండదు, కింద ఎండ పొడ పడదు, సొంత చెట్ల గింజ మొలిచినా చచ్చిపోతది. నరికితే మొదలు నుంచి మళ్ళీ చిగురేస్తది, నేల మీద గింజలు ఎలాగూ ఉంటాయి. పార్క్‌లో కొన్ని ముక్కలకి కంచె వేసి మనుషులతో ఏళ్ళ తరబడి కలుపు తీయిస్తున్నారు, ఆ కంచె లోపల, బయట పక్కపక్కన చూస్తే తేడా చంటిపిల్లాడికి కూడా అర్థమవుద్ది. దేశం మొత్తం మీద మంచి స్థితిలో ఉన్న సొంత అడవి 2 శాతం కంటే తక్కువే. షమరెల్‌లో ఎబొని ఫారెస్ట్ అని ఇంకో చోటుంది, అక్కడ కూడా ఇదే పని, పిల్లలకి బాగా అర్థమయ్యేలా మ్యూజియం కట్టారు, రంగుల మట్టికి వెళ్ళే దారిలోనే.

డిసెంబర్ అంటే లిచీ సీజన్. ఇళ్ళ ముందు చెట్లకి వలలు కప్పి ఉంటాయి, గబ్బిలాల కోసం. ఈ పండ్ల గబ్బిలం ఇక్కడి సొంత జీవి, అసలు మారిషస్‌కి నేల మీద తిరిగే సొంత క్షీరదాలు (పాలిచ్చే జంతువులు) అంటూ లేవు, ఉన్నవి గబ్బిలాలే. రైతులు, ఇంటివాళ్ళు పళ్ళు పోతున్నాయని గోల, 2015 నుంచి ప్రభుత్వమే పదుల వేలల్లో చంపించింది, 2018లో దాన్ని ఎండేంజర్డ్‌లో పెట్టారు. రైతు నష్టం నిజమే, నేను కళ్ళారా చూశా చెట్టు కింద సగం కొరికిన లిచీలు పరుచుకుని ఉండటం. కానీ తాబేలు లేదు, డోడో లేదు, పెద్ద గింజల్ని అడవిలో మోసేది ఇప్పుడు ఈ గబ్బిలం ఒక్కటే, దాన్నీ చంపుకుంటే ఇంక ఎవరు నాటుతారు? వలకి సబ్సిడీ ఇస్తున్నారు, అది పెంచితే పోయేదానికి తుపాకులెందుకు అనేది నా గట్టి అభిప్రాయం.

తాళ్ళరేవు_రాజు

ఇంత మంచి థ్రెడ్ చదివి చాలా రోజులైంది. మాది కోరంగి పక్కన. మా ఊళ్ళ నుంచి 1830ల తర్వాత ఓడలెక్కి చెరుకు తోటల పనికి మారిషస్ పోయినోళ్ళు చాలామంది, అక్కడ తెలుగోళ్ళని కోరంగీలు అనేవాళ్ళంట ఈ రేవు పేరు మీదే. ఉగాదికి అక్కడ సెలవు. శ్రావణి అక్కా, వెళ్ళేముందు ఒక ఆదివారం బాబుని మా కోరంగి మడ అడవికి తీసుకురండి, మీకు రాజమండ్రి నుంచి దగ్గరే. 1978లో శాంక్చురీ చేశారు, 235 చదరపు కిలోమీటర్లు, చెక్క బాట మీద నడుస్తుంటే కింద బురదలోంచి తెల్లమడ వేళ్ళు పైకి పొడుచుకొచ్చి కనపడతాయి, నీటిపిల్లి ఉంటది కానీ పగలు కనపడదు. ఇది చూసి అది చూస్తే ఖండానికీ దీవికీ తేడా బాబుకి తెలుస్తుంది. మా దగ్గర పిల్లి, నక్క, పాము అన్నిటి మధ్య పుట్టిన పిట్టకి పారిపోవడం వచ్చు. ఆ దీవి ఎనభై లక్షల ఏళ్ళ కింద సముద్రంలోంచి అగ్నిపర్వతంగా లేచింది, ఏ ఖండంతోనూ ఎప్పుడూ కలవలేదు, ఎగిరొచ్చినవి, కొట్టుకొచ్చినవి తప్ప ఇంకేం లేవు. అక్కడి పిట్టకి శత్రువంటేనే తెలియదు. 1598లో డచ్ వాళ్ళు దిగారు, పందులు, ఎలుకలు, కోతులు చేరాయి, డోడోని చివరిగా చూసినట్టు నమ్మదగ్గ రాత 1662ది. అరవై ఏళ్ళు పైచిలుకు, అంతే.

కిరణ్ అన్నా, 2020లో ఓడ పగిలి నూనె కారింది కదా, ఆ చిన్న దీవికి ఏమైంది?

వకోవా_కిరణ్

ఆ ఓడ పేరు వకాషియో. జూలై 25న పాయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బ ఎక్కి కూర్చుంది, ఆగస్టు 6న కారడం మొదలైంది, సుమారు వెయ్యి టన్నులు. ఇల్ ఓ జైగ్రెట్‌కి కళ్ళెదురుగానే. నర్సరీ మొక్కల్ని, కొన్ని పక్షుల్ని, బల్లుల్ని ఒడ్డుకి తరలించారు. జనం అయితే ఎవరూ చెప్పకుండానే వచ్చారు, చెరుకాకు గోనెల్లో కుక్కి, గుడ్డ గొట్టాలుగా కుట్టి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి తేలేలా చేసి సముద్రంలో అడ్డంగా వేశారు. మోకాళ్ళ దాకా నల్లటి నూనెలో నిలబడి ముసలోళ్ళు, పిల్లలు. దీవి ఇప్పుడు మళ్ళీ తెరిచే ఉంది, తీరం మడ చెట్లకి పట్టిన నూనె మాత్రం తేలిగ్గా పోయేది కాదు.

రాజమండ్రి_శ్రావణి

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మా వాడు ఇదంతా ప్రింట్ తీయించుకుని గోడకి అంటించాడు, నోట్‌బుక్ కూడా కొనుక్కున్నాడు. కోరంగి కూడా వెళ్తాం రాజు. ఒక్క డౌట్, మా అత్తగారు కూడా వస్తున్నారు, గంగా తలావ్ గుడికి వెళ్తాం, అక్కడ కోతులకి అరటిపళ్ళు పెట్టాలని ఆవిడ మొక్కు. పర్లేదా?

వకోవా_కిరణ్

పెట్టొద్దండి. అత్తగారికి మీరే నెమ్మదిగా చెప్పాలి. ఆ కోతులు డచ్ వాళ్ళ కాలంలో ఆగ్నేయాసియా నుంచి ఓడల్లో వచ్చినవి. తిండి దొరికేకొద్దీ పెరుగుతాయి, ఆ గుడికి అవతల ఉన్నదే నేషనల్ పార్క్, గులాబీ పావురం గూళ్ళలో గుడ్లు పగలగొట్టేది అవే. అరటిపళ్ళు గుళ్ళో స్వామి దగ్గర పెట్టి, ప్రసాదంగా అక్కడున్న వాళ్ళకి పంచమనండి, మొక్కు తీరినట్టే. గుడి నుంచి పార్క్ పెత్రాన్ గేట్ దగ్గరే, పొద్దున్నే దర్శనం చేసుకుంటే మధ్యాహ్నం లోపు అడవిలో ఉండొచ్చు. డిసెంబర్‌లో పైన వానలు, దారి జారుద్ది, మంచి బూట్లు వేయించండి. బూట్లకి అంటిన మట్టి మాత్రం ఇంట్లోనే బ్రష్ పెట్టి కడిగి రండి, ఇంకో విత్తనం మోసుకురాకుండా.